అమెరికా పెట్టెలో ఆటబొమ్మలు

మలేషియాలో పెనాంగ్ అనే రాష్ట్రం ఉంది. బంగాళాఖాతం, దాని పక్కనే అండమాన్ సముద్రం దాటితే వచ్చే తీరం. మన పిల్లలు గచ్చు మీద వేలితో తోసి ఆడుకునే హాట్ వీల్స్ కార్లలో చాలా భాగం అక్కడి ఫ్యాక్టరీలోనే తయారవుతాయి. అక్కడ అచ్చయిన చిట్టి కారు ఒకటి ఓడెక్కి పసిఫిక్ దాటి అమెరికా చేరుతుంది. డాలస్ శివార్లలో ఏదో సూపర్ మార్కెట్‌లో కొక్కేనికి వేలాడుతుంది. ఓ తెలుగింటి బాబాయి దాన్ని మరికొన్నింటితో కలిపి బుట్టలో వేసుకుంటాడు. ఊరికి బయల్దేరే ముందు సాక్సుల మడతల్లో సర్దుతాడు. అట్లాంటిక్ మీదుగా ఎగిరి, దోహాలోనో దుబాయ్‌లోనో విమానం మారి, శంషాబాద్‌లో దిగి, చివరికి ఖమ్మంలో అన్న కొడుకు చేతికి అందుతుంది. పక్క సముద్రం ఒడ్డున పుట్టిన బొమ్మ మన గుమ్మం తొక్కడానికి భూగోళమంతా చుట్టి రావాల్సి వచ్చింది.

దీన్ని విదేశీ మోజు అని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. నేను అలా అనుకోను. పిల్లాడికి మంచి ఆటవస్తువు కొనాలని దుకాణానికి వెళ్లి, డబ్బా వెనక ధర చూసి, తీసింది తీసినట్టే అరలో పెట్టేసి వచ్చిన తల్లిదండ్రులే ‘వచ్చేటప్పుడు ఇది తీసుకురారా’ అని తమ్ముడికి ఫొటో పంపుతారు. అదే కంపెనీ, అదే డబ్బా, లోపల అవే ముక్కలు. సముద్రానికి ఆ వైపు ఒక ధర, ఈ వైపు ఇంకో ధర. తేడా కళ్లెదురుగా కనిపిస్తుంటే తక్కువ ధర ఉన్న చోట కొనడం సంసారికి ఎవరూ నేర్పక్కర్లేదు. నా బాధ అలా కొనేవాళ్ల గురించి కాదు. ఆ ఫొటో పంపడానికి విదేశంలో ఎవరూ లేని ఇళ్ల గురించి.

ధర ఎక్కడ పెరుగుతుంది?

2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్రం బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని 20 శాతం నుంచి ఒక్కసారిగా 60 శాతానికి పెంచింది. 2023 బడ్జెట్‌లో అది 70 శాతమైంది. మన దేశంలో మామూలు ఇంట్లోకి వచ్చే వస్తువుల్లో ఇంత సుంకం పడేవి చాలా తక్కువ. ఇదే బడ్జెట్‌లో విదేశీ కార్లలో ఒక రకానికి కూడా 70 శాతమే వేశారు. కారు కొనే పెద్దమనిషీ, క్రేన్ బొమ్మ కోసం ఏడ్చే మూడేళ్ల పిల్లాడూ సుంకం పట్టికలో ఒకే వరసలో నిలబడ్డారు.

ఈ 70 శాతం దుకాణం దగ్గర 70గానే ఉండదు. అది చాలామందికి తట్టని సంగతి. ఒక లెక్క వేసి చూద్దాం. రేవులో దిగేసరికి 100 రూపాయలు పడిన బొమ్మ ఉందనుకోండి. సుంకంతో 170 అవుతుంది. పంపిణీదారు తన 20 శాతం చూసుకుంటే 204. దుకాణదారు అద్దె, కరెంటు, జీతాలు అన్నీ కలిపి 35 శాతం వేసుకుంటే 275. సుంకమే లేకపోతే ఇదే బొమ్మ ఇదే దారిలో నడిచి 162 దగ్గర ఆగేది. ప్రభుత్వానికి వెళ్లింది 70, కొనేవాడి జేబులోంచి అదనంగా పోయింది 113. మధ్యవాళ్లు ఎవరూ మోసం చేయలేదు. ప్రతివాడూ తను పెట్టుబడి పెట్టిన మొత్తం మీద శాతం లెక్క కట్టుకున్నాడు, అంతే. సుంకం మొదట్లోనే పడింది కనక ప్రతి మజిలీలోనూ దాని మీద ఇంకొంచెం పేరుకుంటూ వచ్చింది. దీని పైన జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి మామూలు బొమ్మల మీద దాన్ని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు, అది మంచి పని. బ్యాటరీతో నడిచే ఎలక్ట్రానిక్ బొమ్మలకు మాత్రం 18 శాతమే.

అమెరికా వైపు కథ వేరు. అక్కడ క్రిస్మస్ కోసం దుకాణాలు కొండల్లా సరుకు తెచ్చిపెడతాయి. నవంబరు ఆఖరి వారంలో బ్లాక్ ఫ్రైడే పేరుతో ఒకసారి ధరలు దించుతాయి. పండగ అయ్యాక మిగిలిన సరుకును అరల్లోంచి ఖాళీ చేయడానికి జనవరిలో మళ్లీ దించుతాయి. అందుకే అనుభవమున్న మేనత్తలు పిల్లల పుట్టినరోజు జులైలో ఉన్నా జనవరిలోనే కొని అలమరలో దాచిపెడతారు. మన సుంకం తప్పడం ఒక లాభమైతే, ఇలా అదను చూసి కొనగలగడం రెండో లాభం.

కాటా మీద పెట్టె

కొడుకు దగ్గరో కూతురి దగ్గరో ఆరు నెలలు ఉండి మనవరాలిని పెంచి తిరిగొచ్చే అమ్మమ్మలు, నానమ్మల ప్రయాణాలు ఈ వ్యవహారానికి రాజమార్గం. పోయేటప్పుడు ఆ పెట్టెల్లో ఆవకాయ, కందిపొడి, కరివేపాకు కారం, అరిసెలు ఉంటాయి. అవన్నీ అక్కడ దిగిపోతాయి కనక వచ్చేటప్పుడు పెట్టెలు బొమ్మలకు ఖాళీ. టికెట్టుకు రెండు పెట్టెలు, పెట్టెకు 23 కిలోలు. అమెరికా దారిలో చాలా విమాన సంస్థల లెక్క ఇదే.

ప్రయాణం ముందు రాత్రి కోడలు హాల్లో పెట్టెలు రెండూ తెరిచి కూర్చుంటుంది. చేతికాటా కొక్కెం పెట్టె పిడికి తగిలించి లేపుతుంది. 24.3 చూపిస్తుంది.

‘‘అత్తయ్యా, మీ పట్టుచీరలు రెండు చేతిసంచిలోకి తీసుకోండి.’’

‘‘నా చీరలకేముందమ్మా, కావాలంటే ఇక్కడే ఉంచెయ్, మళ్లీ వచ్చినప్పుడు కట్టుకుంటాను. చిన్నవాడి కొడుక్కి ఆ రైలు పెట్టావా లేదా?’’

రైలు పెట్టడానికి ఓ పద్ధతి ఉంది. అట్టపెట్టెలో సగం గాలే ఉంటుంది. దాన్ని అతుకుల దగ్గర జాగ్రత్తగా విప్పి చదును చేసి సూట్‌కేసు గోడ వెంట నిలువుగా జారుస్తారు. పైనున్న బొమ్మ చూస్తేనే పిల్లాడికి ఆనందం కాబట్టి అట్టను పారేయరు. లోపలి ముక్కలు నంబర్లు వేసిన ప్లాస్టిక్ సంచుల్లో ఉంటాయి. వాటిని విప్పకుండా, చొక్కాల మధ్య, బూట్ల లోపల, ఎక్కడ సందుంటే అక్కడ దూరుస్తారు. తయారీ పుస్తకం మడత పడకుండా అడుగున పరుస్తారు. ఇలా పెడితే నాలుగు పెద్ద డబ్బాల సరుకు ఒక మూలకు సరిపోతుంది.

కస్టమ్స్ వాళ్ల లెక్క కూడా తెలిసి ఉండాలి. 2016లో వచ్చిన బ్యాగేజీ నిబంధనలు మనవాళ్లు సుంకం లేకుండా తెచ్చుకునే సామానుకు 50,000 రూపాయల గీత గీశాయి. దాటితే పైమొత్తం మీద 35 శాతం సుంకం, ఆ సుంకం మీద మళ్లీ సర్‌ఛార్జి. 2026 ఫిబ్రవరిలో కొత్త నిబంధనలు వచ్చి ఈ గీతను జరిపాయి కాబట్టి బయల్దేరే ముందు తాజా అంకె చూసుకోవడం మంచిది. సొంతానికి, బంధువులకు తెచ్చే నాలుగు బొమ్మలను ఎవరూ ఆపరు. ఒకే రకం కారు ముప్ఫై డబ్బాలుంటే మాత్రం అది వ్యాపార సరుకు అంటారు, అందులో తప్పు కూడా లేదు. పార్సిల్ దారి ఎప్పుడో మూసుకుపోయింది. ఒకప్పుడు 5,000 రూపాయల లోపు కానుకలు పోస్టులో సుంకం లేకుండా వచ్చేవి. 2019 డిసెంబరులో ఆ సదుపాయం తీసేశారు. రాఖీలకు, ప్రాణాధార మందులకు తప్ప కానుక పేరుతో వచ్చే పొట్లాలకు మినహాయింపు లేదు. పూర్తి సుంకం కట్టాల్సిందే. అప్పటినుంచే సూట్‌కేసుకు ఇంత గిరాకీ.

బర్మా బజారు నాటి సంగతి

ఇది మన తరంతో మొదలైన కథ కాదు. విదేశీ వస్తువులు తేవడానికి లైసెన్సులు కావలసిన కాలంలో నెల్లూరు, చిత్తూరు వైపు జనం చెన్నపట్నం వెళ్తే పారీస్ కార్నర్ దగ్గరి బర్మా బజారుకు వెళ్లకుండా వచ్చేవారు కాదు. బర్మా నుంచి కట్టుబట్టలతో తిరిగొచ్చిన కాందిశీకుల బతుకుదెరువు కోసం 1969లో వెలసిన ఆ దుకాణాల్లో సింగపూర్ నుంచి వచ్చిన టేప్ రికార్డర్లు, సెంట్లు, తాళం చెవి తిప్పితే పల్టీలు కొట్టే కోతిబొమ్మలు దొరికేవి. తర్వాత గల్ఫ్ పెట్టెల కాలం వచ్చింది. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ ఊళ్లలో దుబాయ్ నుంచి నాన్న వస్తున్నాడంటే కళ్లు మూసి తెరిచే బొమ్మ, రిమోట్ కారు వస్తున్నట్టే లెక్క. రెండేళ్లకోసారి కనిపించే తండ్రి ఆ కారు రూపంలో ఇంట్లో ఉండేవాడు. బ్యాటరీలు అయిపోయినా పారేయకుండా షోకేసులో పెట్టుకున్న ఇళ్లు నేను చూశాను.

2001 ఏప్రిల్‌కల్లా దిగుమతుల మీద పరిమాణ ఆంక్షలు తొలగిపోయాయి. చైనా బొమ్మలు వరదలా వచ్చాయి. బేగంబజార్ టోకు దుకాణాల నుంచి తిరునాళ్ల తట్టల దాకా అవే. ధర తక్కువ, రంగు ఎక్కువ, మన్నిక సున్నా. 2007లో అమెరికాలోనే మాటెల్ కంపెనీ చైనాలో చేయించిన బొమ్మల్లో సీసం రంగు బయటపడి లక్షల సంఖ్యలో వెనక్కి పిలిపించుకుంది. 2009 జనవరిలో మన ప్రభుత్వం చైనా బొమ్మల్ని ఆరు నెలలు నిషేధించింది. మార్చిలోనే సడలించి, అంతర్జాతీయ ప్రమాణాల పరీక్ష నెగ్గిన వాటిని రానిచ్చింది. 2019లో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దుకాణాల్లోంచి విదేశీ బొమ్మలు తీసుకెళ్లి పరీక్షిస్తే దాదాపు 67 శాతం తప్పాయి.

కాబట్టి ప్రభుత్వం కలగజేసుకోవడానికి గట్టి కారణమే ఉంది. కలగజేసుకున్న తీరులో రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి సుంకం. రెండోది 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన నాణ్యత ఉత్తర్వు. దాని ప్రకారం దేశంలో అమ్మే ప్రతి బొమ్మకూ ఐఎస్ఐ మార్కు ఉండాలి. విదేశీ ఫ్యాక్టరీ అయినా ఆ మార్కు ఇచ్చే బీఐఎస్ నుంచి లైసెన్సు తీసుకోవాలి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి మాట్లాడటం వల్లే చర్చ దారి తప్పుతోంది. పిల్లాడి నోట్లోకి విషం పోకుండా ఆపేది రెండో పని. మొదటి పని ధర పెంచుతుంది, అంతే. ఐఎస్ఐ మార్కు పక్కాగా అమలైతే నాసి సరుకు ఎలాగూ రేవులోనే ఆగాలి. పరీక్ష నెగ్గిన మంచి బొమ్మ మీద కూడా 70 శాతం ఎందుకు?

స్వదేశీ పరిశ్రమ కోసం అంటారు. 2014-15లో సుమారు 33 కోట్ల డాలర్లున్న బొమ్మల దిగుమతులు 2022-23 నాటికి 16 కోట్ల డాలర్ల లోపుకు దిగాయని, ఎగుమతులు అదే కాలంలో మూడు రెట్లు దాటాయని ప్రభుత్వం చెప్తోంది. సంతోషమే. మన దగ్గర మంచి బొమ్మలు తయారవుతున్నాయి కూడా. 1987లో మొదలైన ఫన్‌స్కూల్ గోవాలో, తమిళనాడులోని రాణిపేటలో ఫ్యాక్టరీలు పెట్టి విదేశాలకూ పంపుతోంది. జిగ్సా పజిళ్లు, బోర్డు ఆటలు, మెత్తటి బొమ్మలు, పసివాళ్ల గిలకలు మనవాళ్లు బాగా చేస్తారు, ధరా అందుబాటులోనే ఉంటుంది. వీటిని అమెరికా నుంచి మోసుకురావడం బరువు దండగ. అయితే సూట్‌కేసుల్లో వచ్చేవి అవి కావు. మన దగ్గర తయారు కానివి, లేదా తయారైనా ఆ నేర్పుతో తయారు కానివి.

పట్టు ఉన్న ఇటుక

లెగో ఇటుకనే తీసుకుందాం. డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో 1932లో ఒక వడ్రంగి మొదలుపెట్టిన కంపెనీ. ఇప్పుడు మనం చూసే ఇటుక మీద 1958లో పేటెంట్ తీసుకున్నారు. ఆనాటి ఇటుకకు ఈ ఏడాది కొన్న ఇటుక సరిగ్గా అతుకుతుంది. అచ్చులో తేడా వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండనివ్వరు. పేటెంట్ గడువు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి అదే ఆకారంలో ఎవరైనా చేసుకోవచ్చు, చేస్తున్నారు కూడా. బేగంబజార్‌లో అలాంటి ఇటుకలు సంచుల లెక్కన దొరుకుతాయి.

రెండూ పక్కపక్కన పెట్టి ఓ పిల్లాణ్ని చూడండి. నాసిరకం ఇటుకల్లో కొన్ని ఒకదాన్నొకటి వదలవు, మరికొన్ని అసలు పట్టుకోవు. వదలని వాటిని పిల్లాడు గోళ్లతో లాగి, చేతకాక పళ్ల మధ్య పెడతాడు. పట్టని వాటితో కట్టిన గోడ పదో వరసకు పక్కకు ఒరుగుతుంది. వంతెన కడితే కారు ఎక్కగానే నడుం విరుగుతుంది. మూడోసారి కూలాక పిల్లాడు తన లెక్క తప్పిందనుకుంటాడు, ఇటుక తప్పని వాడికి తెలియదు. విసుగొచ్చి సంచి మంచం కిందికి తోస్తాడు. అసలు ఇటుకతో అయితే కూలినప్పుడు కారణం కట్టుబడిలో ఉంటుంది. కింద వెడల్పు చాలలేదనో, అతుకులన్నీ ఒకే గీతలో వచ్చాయనో వాడే కనిపెడతాడు. మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు అతుకు మీద అతుకు రానివ్వరెందుకో ఐదేళ్ల వాడికి మాటల్లో చెప్పలేం. ఆ పెట్టె చెప్తుంది. నాణ్యత అంటే నా దృష్టిలో ఇది, డబ్బా మీది పేరు కాదు. ఇలాంటి అచ్చు చేయించాలంటే గట్టి ఉక్కు, నేర్పున్న పనివాళ్లు, లక్షల పెట్టుబడి కావాలి. సుంకాల గోడ కట్టి పోటీని ఆపేస్తే మన ఫ్యాక్టరీలకు ఆ నేర్పు వాటంతట అదే రాదు. పక్కన మంచి సరుకు అందుబాటు ధరలో కనిపిస్తుంటేనే దానికి దీటుగా చేయాలన్న పట్టుదల పుడుతుంది.

తేకూడనివి, తెచ్చాక చూడాల్సినవి

మంచి మనసుతో తెచ్చి విమానాశ్రయంలో పోగొట్టుకునే వాటిలో మొదటిది డ్రోన్. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిని మన దేశం నిషేధించింది. పరిశోధన, రక్షణ వంటి అవసరాలకే మినహాయింపు. మేనల్లుడి పుట్టినరోజు అందులోకి రాదు. వాకీటాకీల గురించి చాలామందికి తెలియదు. అమెరికాలో పిల్లలు ఆడుకునేవి సాధారణంగా 462 నుంచి 467 మెగాహెర్ట్జ్ మీద పని చేస్తాయి. మన దగ్గర లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చేది 446.0 నుంచి 446.2 మధ్య. అక్కడి ఆటబొమ్మ ఇక్కడ అనుమతి లేని వైర్‌లెస్ సెట్టు అవుతుంది.

గోడకు గుచ్చి ఛార్జింగ్ పెట్టేవి ఇంకో రకం. అమెరికా కరెంటు 120 వోల్టులు, మనది 230. అడాప్టర్ మీద సన్నటి అక్షరాల్లో 100-240 అని ఉంటే భయం లేదు. 120 అని మాత్రమే ఉంటే, పిన్ను మార్చే చిన్న ప్లగ్గు కొని గుచ్చిన క్షణంలో పొగ వస్తుంది. విడి లిథియం బ్యాటరీలను పెద్ద పెట్టెలో పెట్టకూడదు, చేతిసంచిలోనే ఉంచుకోవాలి. వారంటీ సంగతి ముందే మరిచిపోవడం మేలు. అక్కడ కొన్నదానికి ఇక్కడ దుకాణం బాధ్యత తీసుకోదు.

ఇవన్నీ డబ్బు నష్టాలు. నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే ఉంది. అమెరికాలో ఏదైనా బొమ్మలో అయస్కాంతాలు ఊడుతున్నాయనో, బటన్ బ్యాటరీ మూత తేలిగ్గా తెరుచుకుంటోందనో తేలితే అక్కడి వినియోగదారుల భద్రత సంస్థ దాన్ని వెనక్కి రప్పిస్తుంది. ప్రకటన వస్తుంది, కొన్నవాళ్లకు మెయిల్ వెళ్తుంది. కొన్నది అమెరికాలోని ప్లేనోలో ఉన్న పెదనాన్న. ఆడుతున్నది ఒంగోలులో ఉన్న పాప. ఆ మెయిల్ ఆయన ఇన్‌బాక్సులో వందో దాని కింద పడి ఉంటుంది. మింగిన బటన్ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. రెండు గట్టి అయస్కాంతాలు విడివిడిగా కడుపులోకి పోతే పేగుల మధ్య ఒకదానికొకటి అతుక్కుని చిల్లు పెడతాయి. అందుకని బొమ్మతో పాటు బిల్లు ఫొటో, డబ్బా మీది మోడల్ నంబరు వాట్సాప్‌లో పంపించుకోండి. ఆ నంబరు కొడితే వెనక్కి పిలిచారో లేదో ఆ సంస్థ వెబ్‌సైట్‌లో అరనిమిషంలో తెలుస్తుంది. డబ్బా మీద మూడేళ్లు దాటినవాళ్లకే అని ఉంటే, మావాడు చురుకని చెప్పి రెండేళ్లవాడికి ఇవ్వకండి. ఆ అంకె తెలివితేటలను చూసి వేసింది కాదు. చేతికందిందల్లా నోట్లో పెట్టుకునే ఈడు దాటిందా లేదా అని చూసి వేసింది.

పెట్టె రాని ఇల్లు

ఒకే తాతకు మనవలు ఇద్దరు. ఒకడి మేనమామ షికాగోలో, ఇంకొకడి మేనమామ మార్కెట్ యార్డులో. సంక్రాంతికి ఇద్దరూ తాత ఇంట్లో కలుస్తారు. రిమోట్ క్రేన్ ఒకడి చేతిలో ఉంటుంది, ఇంకొకడు పక్కన కూర్చుని తన వంతు కోసం చూస్తుంటాడు. ఇది పల్లెల్లో, పట్టణాల్లో మనం ఏటా చూసేదే. విదేశంలో మనిషి ఉన్న తల్లిదండ్రులకు సూట్‌కేసు దారి ఉంది, సుంకం వాళ్లను తాకదు. సుంకం పూర్తి బరువు పడేది విదేశంలో మనిషి లేని గుమాస్తా మీద, ఆటో నడిపే తండ్రి మీద, పిల్లలకు నాలుగు మంచి ఆటవస్తువులు కొందామనుకున్న బడి టీచరమ్మ మీద. వాళ్లు దుకాణం ధర భరించలేక సంతలో దొరికే మార్కు లేని ప్లాస్టిక్ కొంటారు. ఎవరిని కాపాడటానికి ఐఎస్ఐ ఉత్తర్వు తెచ్చారో ఆ పిల్లలే చివరికి పరీక్ష లేని రంగును నాకుతారు. ఈ మార్కు లేని సరుకు పెద్ద పెద్ద షోరూముల్లోనే దొరికింది. 2023 జనవరి నాటికి బీఐఎస్ సోదాలు చేసి ఇలాంటివి 18 వేలకు పైగా పట్టుకుంది. అంగట్లో పరిస్థితి ఇదైతే జాతర తట్టలను ఎవరు సోదా చేస్తారు?

మన చేతివృత్తుల సంగతి వస్తే, వాటికి ఈ సుంకం వల్ల ఒరిగిందేమిటో నాకు కనిపించలేదు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేతు మీద తిప్పుతారు. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది. దాని మీద మొగలి ఆకు వత్తి పడితే అద్దంలా మెరుపు వస్తుంది. రసాయన రంగులు వదిలి పసుపు, నీలి వంటి ప్రకృతి రంగుల వైపు ఆ ఊరిని మళ్లించిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఊరి బొంగరానికి పోటీ డెన్మార్క్ ఇటుక కాదు. ఇంట్లో రెండూ ఉండొచ్చు, ఉండాలి. తెల్లపొణికి కర్ర కొండపల్లి బొమ్మలవాళ్లకు దొరక్కపోవడం, పిల్లలు ఈ పనిలోకి రాకపోవడం, బొమ్మ అమ్ముకునే చోటు దూరమవడం అసలు కష్టాలు. భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు, నమోదైన హస్తకళాకారులకు నాణ్యత ఉత్తర్వు నుంచి మినహాయింపు ఇచ్చారు. అది న్యాయం. దిగుమతి సుంకం మాత్రం వాళ్ల ముంగిట్లోకి కొత్తగా ఒక్క కొనుగోలుదారునీ తెచ్చినట్టు లేదు.

అమెరికా కూడా ఇదే దారి పట్టింది. అక్కడ అమ్ముడయ్యే బొమ్మల్లో దాదాపు 80 శాతం చైనావి. 2025 ఏప్రిల్‌లో చైనా సరుకు మీద సుంకం 145 శాతానికి వెళ్లి, మేలో 30కి దిగింది. కొన్ని బొమ్మల ధర పెంచుతామని మాటెల్ అప్పుడే చెప్పింది. అదే ఏడాది ఆగస్టు 29 నుంచి 800 డాలర్ల లోపు పార్సిళ్లకున్న మినహాయింపునూ అమెరికా ఎత్తేసింది. ఆ గందరగోళంలో మన ఇండియా పోస్ట్ అమెరికాకు పార్సిళ్లు ఆపి, మళ్లీ అక్టోబరులో మొదలుపెట్టింది. సరిగ్గా దసరా మధ్యలో పడింది. కొలువుకని కొండపల్లి దశావతారాలు కొని, కూతురికి పంపలేక బీరువాలో పెట్టుకున్న తల్లులున్నారు. గోడ ఎవరు కట్టినా అటూ ఇటూ ఆగిపోయేది పిల్లల బొమ్మే.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఐఎస్ఐ పరీక్షను సడలించవద్దు, ఇంకా గట్టిగా, సంతల దాకా అమలు చేయండి. ఆ పరీక్ష నెగ్గిన కట్టుబడి ఇటుకలు, సైన్సు కిట్లు, దివ్యాంగ పిల్లల శిక్షణకు వాడే ఆటవస్తువుల మీద సుంకాన్ని 2020కి ముందున్న 20 శాతానికైనా దించండి. అంగన్‌వాడీలు, ప్రభుత్వ బడులు కొనే వాటికి పూర్తిగా తీసేయండి.

అందాకా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. పెట్టెలో వచ్చిన మంచి బొమ్మ ఒక్క పిల్లాడితో అరగదు. పన్నెండేళ్లు వచ్చేసరికి వాడు దాన్ని వదిలేస్తాడు, అది అటక ఎక్కుతుంది. హైదరాబాద్, విజయవాడ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పుడిప్పుడే ఇలాంటివి సగం ధరకు చేతులు మారుతున్నాయి. ఇటుకలు మాసినా భయం లేదు, జల్లెడ సంచిలో వేసి సబ్బు నీళ్లలో కడిగి నీడన ఆరబెడితే చాలు. నీళ్ల వేడి 40 డిగ్రీలు దాటకూడదు, దాటితే ప్లాస్టిక్ వంగి పట్టు పోతుంది. తయారీ పుస్తకం పోయిందని వెనకాడనక్కర్లేదు, లెగో సెట్ల పుస్తకాలు కంపెనీ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. డబ్బా మీద ఉన్న అంకె కొడితే చాలు. నాలుగు ముక్కలు తక్కువైన సెట్టయినా పక్క వీధి బడికి ఇవ్వండి. ఆ నాలుగు ముక్కలు లేకుండా ఎలా కట్టాలో పిల్లలు చూసుకుంటారు.